ఎదురు కుండ

ఓపిక గురించి బైబిల్లో ఎన్ని మాటలున్నాయో అన్నీ కొండ ఊళ్ళ వెంట చెప్పుకుంటూ తిరిగినదాన్ని నేను. నాకే అది అబ్బలేదు. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ అనేది. భర్త పోయాక నాకు బైబిలు స్త్రీ ఉద్యోగమిచ్చి భీమిలి నుంచి కొండెక్కించిన మిషను దొరసాని కూడా, వేరే మాటల్లో అదే అంది. ఒకచోట కుదురుగా కూర్చోలేనిదానికి ఊరూరా తిరిగే పనే మేలని ఆవిడ అనుకుని ఉంటుంది.

తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగి రెండేళ్ళయినా కొండల్లో కాకీ బట్టల పోలీసులు ఇంకా తగ్గలేదు. ఆ రోజుల్లో కుంబిగుడలో నాకొక పాక ఉండేది. ఊరి ఆడవాళ్ళు వారానికోసారి అక్కడ చేరి అడ్డాకుల విస్తళ్ళు కుట్టేవారు, కొండచీపుర్లు కట్టేవారు. వాటినీ చింతపండునీ అరకు సంతకి మోసుకెళ్ళి ఉప్పుకీ గుడ్డకీ మార్చుకునేవారు. సంతకి ఒక్కర్తీ వెళ్ళకూడదు, అందరూ కలిసే వెళ్ళాలి అన్నది నేను పెట్టిన నియమం. ఎందుకంటే దారిలో గెడ్డ, అదే వాగు, దాటే రేవు దగ్గర అరకులో కొట్టున్న షావుకారి మనుషులు కాపు కాసేవారు. బుట్ట నెత్తిమీద ఉండగానే లాక్కుని, చారెడు ఉప్పు చేతిలో పోసి, "అయిపోయింది బేరం, పో" అనేవారు. కలిసి నడవడం మొదలెట్టాక బుట్టలు సంత దాకా చేరుతున్నాయి. నాకు గర్వంగానే ఉండేది, దాచడమెందుకు?

వాళ్ళ చేతులు కుడుతుంటే నేను చట్టం చెప్పేదాన్ని. కొండవాళ్ళ భూమి మైదానం నుంచి వచ్చిన కిందివాళ్ళ పేర రాయాలంటే, కొండలన్నిటి మీదా సర్కారు పెట్టిన ఏజెంటు దొర ఒప్పుకోవాలి, లేకపోతే ఆ కాయితం చెల్లదు అన్నాను. అందరూ తలలూపారు. ఆడదాని చెయ్యి ఆమె ఇష్టం లేకుండా పట్టుకుంటే నేరం అన్నాను. పాకంతా గొల్లున నవ్వింది.

"సెయ్యి అట్టుకోకపోతే పెళ్ళెలాగవుద్ది బైబిలమ్మా?" అంది సోములమ్మ. ఊళ్ళో ఆవిడకంటే పెద్దవాళ్ళు లేరు. "మా ముసిలోడు నన్ను సంతలోనే సెయ్యట్టుకుని లాక్కుపోనాడు. అప్పుడు నువ్వుంటే ఆడ్ని జైల్లో ఎట్టీదువేటి?"

"నీకిష్టం లేకపోతే?"

"ఇట్టం నేకపోతే ఆ సెయ్యి కొరికీదును. పళ్ళెందుకున్నాయి?"

మూడో పాఠం సారా. ఇప్పపువ్వు ఎండబెట్టి అమ్ముకోండి, సారా కాయకండి అని ఒక వేసవంతా నోరు నొప్పెట్టేలా చెప్పాను. సారా కాంట్రాక్టు షావుకారిది. సొంతానికి కాసుకున్నా అబ్కారీ జవాను పట్టుకుపోతాడు. చివరికి నా పోరు పడలేక ఆడవాళ్ళు సారా కుండలు తెచ్చి పాక ముందు పగలగొట్టారు. ఆ పెంకుల చుట్టూ తిరిగి నేను స్తోత్రం పాడాను. నా అంత వెర్రిది లేదని తరవాత తెలిసింది.

తొలకరి పడ్డాక వచ్చిన మొదటి సంతనాడు అందరం కలిసే బయల్దేరాం. చివర నేను, నా నల్లగొడుగు. రేవు దగ్గర షావుకారి మేనల్లుడు రామారావు నిలబడి ఉన్నాడు. కిందనుంచి వచ్చి నాలుగేళ్ళయినా చొక్కా గుండీలన్నీ పెట్టుకునే తిరుగుతాడు. ముందు వెళ్ళిన బుట్టల్ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. సోములమ్మ మనవరాలు రత్నాలు గెడ్డలోంచి ఒడ్డెక్కుతుంటే మాత్రం ఒక్క అడుగు ముందుకేసి మణికట్టు పట్టుకున్నాడు. బుట్ట పడి చింతపండు నీళ్ళపాలయింది. ఆ గుంటపిల్ల చెయ్యి లాక్కుంది, తన్నింది. ఆడవాళ్ళందరూ కేకలేస్తూ మీద పడ్డాక వదిలాడు. వదిలి నవ్వాడు. ఒక్క చింతపండు రెబ్బ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

బుట్ట ముట్టుకోని దళారీని నేనెప్పుడూ చూడలేదు. అప్పుడే అనుమానించాల్సింది. నాకు కోపం వచ్చింది గాని తెలివి రాలేదు.

రెండు రోజులకి మళ్ళీ కుంబిగుడ వెళ్ళేసరికి ఊరు ఊరులా లేదు. నన్ను చూసి పిల్లలు పరిగెత్తుకు రాలేదు. సోములమ్మ గుమ్మంలో కూర్చుని కొడుకుని తిడుతోంది. కొడుకు బుధు ఊరికి పెద్ద. అంత పెద్దమనిషీ తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిట్లన్నీ తింటున్నాడు. అతని పక్కన ఒక పెద్ద మట్టికుండ, ఖాళీది.

"ఏటయిందో ఈడ్నే అడుగు," అంది సోములమ్మ. "షావుకారు కుండడు సారా అంపినాడు. ఈడు తాగీసినాడు. ఊరందరికీ పోసీసినాడు."

నేను సారా మీద ప్రసంగం అందుకోబోయాను. ముసలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నీ పాట తరవాత పాడు. ముందిది విను. సెయ్యట్టుకున్నోడు సారా అంపితే, మేనమామ ఈడు తాగితే, ఇంకది పెళ్ళే. రత్నాలు ఆడి పెళ్ళామైపోనాది."

రత్నాలుకి తల్లీ తండ్రీ లేరు. ఇద్దర్నీ ఒకే ఏడు మన్యం జ్వరం తీసుకుపోయింది. అవ్వ దగ్గరే పెరిగింది. గెడ్డ కింద తండ్రి మడి ఉంది, ఊరికంతటికీ నీళ్ళు ముందు ఎక్కేది ఆ మడికే. కొండ ఊళ్ళ శిస్తు వసూలుచేసే ముఠాదారు దాన్ని గుంట పేరనే ఉంచాడు.

"తాగకపోతే ఏం పోయింది బుధూ?" అన్నాను.

బుధు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గుమ్మంలోకి ఒచ్చిన సారా ఒద్దంటే ఒచ్చినోడ్ని సంపినట్టే కదమ్మా. మా తాతలనాడు కూడా ఒద్దన్నోడు నేడు. సారా తెచ్చినోడు ఉప్పు బస్తా కూడా దించినాడు. పెళ్ళని ఆడు సెప్పనేదు. తాగీసినాక సెప్పినాడు."

నాకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. "భయపడకండి. ఆ మడి కోసమే ఇదంతా. మీ భూమి వాడి పేర రాయడానికి ఏజెంటు దొర ఒప్పుకోడు. నేను చెప్పాను కదా, చట్టం ఉంది!"

"రాయమనడం నేదమ్మా," అన్నాడు బుధు నెమ్మదిగా. "మడి గుంట పేరనే ఉంటాదంట. గుంట ఆడింట్లో ఉంటాదంట."

కంచె వేశాం కదా అని నేను మురిసిపోతుంటే వాడు కంచెలో గుమ్మం వెతుక్కున్నాడు. రాతకోతల్లేవు, దొర అనుమతి అక్కర్లేదు. కింద ఊళ్ళో వాడికి పెళ్ళాముంది, పిల్లలున్నారు. కొండమీద పెళ్ళాం పేరున మడి ఉంటుంది, పెళ్ళాం వాడి పాకలో ఉంటుంది. రేపు ఇంకో మడి, ఇంకో పెళ్ళాం. నేను పాకలో కూర్చుని ఎంత బాగా పాఠం చెప్పానో తలుచుకుంటే సిగ్గేసింది.

రత్నాలు పెరట్లో కర్రలు కొడుతోంది. పొయ్యికి సరిపడా ఎప్పుడో అయ్యాయి, అయినా కొడుతూనే ఉంది.

"నాను ఎల్ను," అంది కత్తి ఆపకుండా. "లాక్కుపోతే మళ్ళీ ఒచ్చీస్తాను. మళ్ళీ లాక్కుపోతే మళ్ళీ ఒచ్చీస్తాను."

"ఊరికే ఒచ్చీడానికి నేదే గుంటా," అన్నాడు బుధు. "సంతనాటికి ఆల్లు బండి తెస్తామన్నారు. ఈలోగా ఎదురు కుండ ఎట్టాల. ఎంత సారా ఒచ్చిందో అంత సారా తిరిగి ఆడి గుమ్మంలో ఎట్టాల. గుంట ఆకుడొప్పతో ముంచి ఇయ్యాల, ఆడు తాగాల. అప్పుడు పెళ్ళి నేదు, ఎవుల దారి ఆల్లదే."

"మరి పెట్టండి! ఇంకా కూర్చున్నారేం?"

సోములమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. కొనుక్కుందామంటే సారా కొట్టు షావుకారిదే. కాసుకుందామంటే కుండలన్నీ నా పాక ముందు పెంకులై పడున్నాయి.

ఆ క్షణాన భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అంతలో ముసలమ్మ లేచి వెళ్ళి, గాదె వెనక గడ్డి తప్పించి, మసిబారిన సారా కుండ ఒకటి బయటికి దొర్లించింది.

"నీ పాటకి నా అత్త ఇచ్చిన కుండ పగలగొట్టుకుంటానేటి?" అంది. "ఆ రోజు పగలగొట్టింది ఓటికుండ."

దేవుడు నన్ను క్షమించుగాక, ఆ అబద్ధాలకోరు ముసల్దాన్ని కావిలించుకున్నాను.

అమ్మకానికి ఎండబెట్టుకున్న ఇప్పపువ్వు ఇంటింటి నుంచీ వచ్చింది. గెడ్డకి ఎగువన, బండరాళ్ళ చాటున, నానేశారు. నానిన పువ్వు పొంగాలి, పొంగి పులవాలి, పులిశాకే కాయాలి. ఎండాకాలమైతే చూస్తుండగా పొంగేదట. ముసురు పట్టి చలిగా ఉంది. సంత దగ్గర పడుతోంది. నేను ఊరికీ బండలకీ మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాను. వెళ్ళినప్పుడల్లా మూత తీసి వాసన చూశాను.

"మాటిమాటికీ మూత తియ్యకు!" అని సోములమ్మ కసిరింది. "పువ్వుకి సలి పట్టీస్తాది. పసిపిల్లని దుప్పట్లోంచి తీసి సూస్తారేటి?"

"పొంగకపోతే?"

"పొంగుద్ది."

"పొంగకపోతేనో?"

"నిన్ను కుండలో ఎడతాను. నీ యేడికి పొంగుద్ది."

నవ్వడానికి నాకు మనసు లేదు. రత్నాలు మాత్రం ఆ బండ మీద కూర్చుని, కాళ్ళు చాపుకోకుండా, ఎప్పుడైనా లేచి పరిగెత్తాల్సి ఉన్నట్టు కూర్చుని, దారి వైపే చూస్తోంది. దానికి పదహారు పదిహేడేళ్ళుంటాయి. పరలోకం గురించి ఎన్నో చెప్పినదాన్ని, ఆ పిల్ల తల మీద గొడుగు మాత్రం పట్టాను.

సంతకి ముందురోజు పొద్దున పొంగింది. అప్పుడే పొయ్యి వెలిగించారు. తడికర్రలు, మండవు, పొగమాత్రం కొండంతా కమ్మింది. కుండమీద కుండ బోర్లించి, వెదురు గొట్టం పెట్టి, చుక్క చుక్కగా దిగుతుంటే అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆ సమయానే కింద దారిలో కాకీ నిక్కరు కనబడింది. అబ్కారీ జవాను.

నేను బైబిలు చంకన పెట్టుకుని, గొడుగు విప్పి, దారికడ్డంగా దిగాను. ఎందుకు దిగానో నాకే తెలీదు, కూర్చోలేక దిగాను.

"పైన ఆ పొగేమిటి?" అన్నాడు.

"ప్రార్థన జరుగుతోంది నాయనా," అన్నాను. "రా, కూర్చో. నీ ఆత్మ గురించి నీకెవరైనా ఎప్పుడైనా చెప్పారా?"

అని అక్కడే ఎత్తుకున్నాను. ఆదాము దగ్గర మొదలెట్టి జలప్రళయం దాకా వచ్చేసరికి అతను గడియారం చూడ్డం మొదలెట్టాడు. ఓడలోకి జంతువులు ఎక్కుతుండగా, తనకి హుకుంపేటలో పనుందని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అబద్ధమాడకూడదన్న ఆజ్ఞని మీరానా అంటే, పైన అందరూ ప్రార్థనే చేస్తున్నారు, ఎవరి దేవుడికి వాళ్ళు.

సంతనాడు వాన తెరిపిచ్చింది. నిండు కుండ రత్నాలు నెత్తిన పెట్టుకుంది. తాగినవాడే ముందు నడవాలి గనక బుధు ముందు నడిచాడు, నడిచాడనేకంటే తల్లి వెనకనుంచి తోసింది అనడం నిజం. ఊరి ఆడవాళ్ళందరూ వెనకాల. మద్యనిషేధం చెప్పే బైబిలు స్త్రీ సారా కుండ వెనక ఊరేగింపుగా నడవడం అరకు సంత ఎన్నడూ చూసి ఉండదు. బేరాలు ఆపి మరీ చూశారు.

షావుకారి కొట్టు అరుగు మీద కిందనుంచి వచ్చిన వర్తకులు కొందరు దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. తాంబూలాలు తిరుగుతున్నాయి. పక్కన బండి కట్టి సిద్ధంగా ఉంది. రామారావు కొత్త పంచె కట్టాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

బుధు గొంతు పెగల్చుకున్నాడు. "బాబూ, ఎదురు కుండ తెచ్చినాం. గుంటకి ఇట్టం నేదు."

రత్నాలు కుండ దించి గుమ్మంలో పెట్టింది. అడ్డాకు డొప్పతో ముంచి, చెయ్యి చాపింది.

రామారావు పాము కనబడ్డట్టు వెనక్కి గెంతాడు. "దూరం! దూరం! అరుగు ముట్టుకోకు!"

"తాగాల బాబూ," అన్నాడు బుధు.

"మీ చేతి మంచినీళ్ళే తాగం, సారా తాగుతానా? నీకు మతి పోయిందా?"

బుధు బిత్తరపోయి తల్లి వైపు తిరిగాడు, నా వైపు తిరిగాడు, సంతలో ఉన్న పక్క ఊళ్ళ పెద్దల వైపు తిరిగాడు. వాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇచ్చిన సారా తాగనివాడు ఒకడుంటాడని వాళ్ళ తాతముత్తాతలకి తోచలేదు. తాగితే ఏమిటో కట్టుబాటు చెప్పింది. తాగకపోతే ఏమిటో చెప్పలేదు.

రామారావు అది పసిగట్టాడు. మొహంలోకి నవ్వు తిరిగొచ్చింది. "నేను తాగలేదు. అంటే కుండ తిరగలేదు. మీ కట్టుబాటే కదా? పిల్లని బండెక్కించండి."

బండివాడు చెర్నాకోల తీశాడు. చట్టంలో ఉన్నవన్నీ ఒక్కసారి నోటికొచ్చి ఒక్కటీ బయటికి రాలేదు. పరిగెత్తుకెళ్ళి బండికి అడ్డం పడుకుందామనుకున్నాను.

రత్నాలు చాపిన చెయ్యి దించలేదు.

"నాను నీ పెళ్ళానేటి?" అంది, సంతంతా వినబడేలా.

"అవును. మీవాళ్ళు సారా తాగారు."

"అయితే రేపట్నుంచి నీకు కూడొండేది నానే. ఏ సేత్తో ఒండుతాను? ఈ సేత్తోనే. ఈ సేతి సారా ముట్టనోడివి ఈ సేతి కూడెలా తింటావు? ఆల్లందరూ సూస్తన్నారు, సెప్పు. తింటావా, తినవా?"

అరుగుమీద తాంబూలం నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి. వర్తకులందరూ రామారావు వైపు చూశారు, తరవాత షావుకారి వైపు చూశారు. ఇంతసేపూ వాళ్ళకిది కొండవాళ్ళ గొడవ. ఇప్పుడు మనవాడు ఎవరి చేతి కూడు తింటున్నాడన్న గొడవయింది. చివర కూర్చున్న ముసలాయన చేతిలోని ఆకు వక్క మెల్లిగా పళ్ళెంలో తిరిగి పెట్టేసి, దుప్పటి మీంచి కాళ్ళు కిందికి దించాడు.

ఆ పళ్ళెం చూసి షావుకారి మొహం నల్లబడింది. ఇంట్లో పెళ్ళికెదిగిన కూతుళ్ళున్న మనిషి. "పెళ్ళేమిటి, నాన్సెన్సు! మావాడు బుట్ట పట్టుకున్నాడు, చెయ్యి కాదు. చెప్పరా!" అని గద్దించాడు.

రామారావు ఆ మడిచెక్కని ఒకసారి, కులాన్ని ఒకసారి తూచుకున్నట్టున్నాడు. "బుట్టే పట్టుకున్నాను," అన్నాడు నేలకేసి చూస్తూ.

"మరి సారా?" అన్నాడు బుధు.

"అదీ... ఊరికే పంపాం. మంచితనానికి."

"అంటే పెళ్ళి నేదు?"

"లేదయ్యా బాబూ, లేదు! కుండ తీసుకుని పొండి!"

పక్క ఊళ్ళ పెద్దలు "ఇన్నాం, ఇన్నాం" అన్నారు. సోములమ్మ నేలమీద చతికిలబడి ఒకేసారి నవ్వడం, ఏడవడం మొదలెట్టింది. బుధు కుండ వైపు చెయ్యి చాపబోతే ఆ ఏడుపులోనే వాడి చేతిమీద ఒక్కటిచ్చింది. ఇన్నాళ్ళ పరుగు ఒక్కసారి ఆగినట్టయి, ఎక్కడైనా కూర్చుంటే బాగుండుననిపించింది. నా జీవితంలో ఆ కోరిక కలగడం అదే మొదలు.

"బేగి ఒంపెయ్ తల్లీ," అన్నాను రత్నాలుతో. "జవాను రాకముందే పారబోసి ఇంటికి పోదాం."

"ఒంపను," అంది.

దాని మొహంలో నవ్వు లేదు. నా దగ్గరకొచ్చి నిలబడింది.

"పెళ్ళి నేదని ఆడే సెప్పినాడు కదా బైబిలమ్మా?"

"చెప్పాడు."

"పెళ్ళి కాకండా సెయ్యట్టుకుంటే మీ సట్టంలో ఏటన్నావు?"

సంత అవతల దిబ్బమీద బంగళాలో, ఏజెంటు దొర తరఫున ఫిర్యాదులు వినే డిప్యూటీ దొర విడిదిచేసి ఉన్నాడు, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆయన దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్తే, దాని వెనక రెండో మాట రాకుండా ఉండదు. సారా ఎక్కడిదంటాడు. ఎవరు కాశారంటాడు. నా ఉద్యోగం పోతుంది, అది పోతే పోనీ. వీళ్ళని ఖైదులో పెడితే? అదంతా గబగబా చెప్పాను. పెళ్ళి తప్పింది చాలదా, పోనియ్యవే అన్నాను.

"నేరమన్నావా, అన్నేదా?"

"అన్నాను."

"నా సెయ్యి అట్టుకోనేదని ఇంతమందిలో ఆడు అబద్దమాడితే, నాను ఊరుకుని ఇంటికి పోతే, ఒచ్చే సంతకి ఇంకో గుంట సెయ్యి అట్టుకుంటాడు. ఆడికేటి బయ్యం?" ఆయాసంగా ఊపిరి పీల్చింది. "సారా నానే కాసినానని దొర అడగకముందే సెప్తాను. ఎందుకు కాసినానో కూడా సెప్తాను. ఇది దాసీసి అది సెప్తే ఎవులు నమ్ముతారు?"

వంగి, నిండుకుండ నెత్తిన పెట్టుకుంది. సంత మధ్యలోంచి బంగళా దారి పట్టింది. అబ్కారీ జవాను ఉల్లిపాయల బేరం ఆపి దానివైపే చూస్తున్నాడు.

"ఉండవే, నేనూ వస్తున్నాను!" అని అరిచాను.

అది ఆగలేదు.